నవమి ఉత్తరాలు: పుట్టినరోజున పెళ్లేమిటి? పానకంలో మిరియాలెన్ని?

శ్రీరామనవమి దగ్గరపడే కొద్దీ నాకొచ్చే ఉత్తరాల్లో వంటింటి ప్రశ్నలూ పురాణ ప్రశ్నలూ కలిసిపోయి వస్తాయి. ఈ సంచికలో శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాను. నేను పుట్టింది కోనసీమలో, మెట్టింది పాల్వంచ వైపు. గోదావరికి ఆ చివరా ఈ చివరా రాముడి పెళ్లి చూసినదాన్ని. అందుకే నేను చెప్పేదాంట్లో సగం పుస్తకాల్లోది, సగం మా వాకిట్లోది.

అమ్మా, నవమి అంటే రాముడు పుట్టినరోజు కదా. ఆ రోజు ఉయ్యాల వెయ్యాలి గానీ పెళ్లి చెయ్యడమేమిటి? మా ఆఫీసులో ఉత్తరాది వాళ్లు అడిగితే జవాబు చెప్పలేకపోయాను.
*– ఒక పాఠకుడు, నంద్యాల*

వాళ్లు అడగడంలో తప్పేం లేదు నాయనా. అయోధ్యలో నవమి అంటే జననమే. సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి పుట్టిన హారతి ఇస్తారు. 2024లో కొత్త గుడి తెరిచాక, ఆ సమయానికి అద్దాలూ కటకాల ద్వారా సూర్యకిరణాన్ని బాలరాముడి నుదుటి మీద తిలకంలా పడేలా చేస్తున్నారు. సీతారాముల పెళ్లిని అక్కడా, నేపాల్‌లోని జనక్‌పూర్‌లోనూ మార్గశిర శుద్ధ పంచమి నాడు వివాహ పంచమి పేరుతో విడిగా చేసుకుంటారు.

వాల్మీకి ఏం చెప్పాడో ముందు చూద్దాం. బాలకాండలో పుట్టుక గురించి లెక్క చాలా స్పష్టంగా ఉంది. చైత్ర మాసం, నవమి తిథి, పునర్వసు నక్షత్రం, కర్కాటక లగ్నం, ఐదు గ్రహాలు ఉచ్చలో. పెళ్లి దగ్గరికి వచ్చేసరికి జనకుడు చెప్పిన ముహూర్తం ఫల్గునీ నక్షత్రం. నవమి ఊసే లేదు. 'పుట్టిందీ, పెళ్లాడిందీ, పట్టం కట్టుకుందీ నవమి నాడే' అని మన పల్లెల్లో పెద్దవాళ్లు చెబుతారు. అది నమ్మకం. దాన్ని నేను కాదనను గానీ, రామాయణంలో ఉందని మాత్రం మీ ఆఫీసులో చెప్పకండి.

మరి మనం ఎందుకు చేస్తున్నాం? గుళ్లలో స్వామికి కల్యాణోత్సవం చెయ్యడానికి ఆయన పుట్టిన తిథినో నక్షత్రాన్నో మంచిదిగా ఎంచుకోవడం దక్షిణాదిలో ఎప్పటినుంచో ఉంది. అవతారం వచ్చిందే లోకం బాగు కోసం, ఆ బాగునే కల్యాణం అంటాం, కాబట్టి జన్మదినాన చెయ్యదగ్గ పెద్ద ఉత్సవం కల్యాణమే అని మన అర్చకస్వాములు చెబుతారు. నాకు అది చాలు.

ఇంకోటి నా మనసులో మాట. పుట్టినరోజు ఒక ఇంటి పండగ. తల్లీ తండ్రీ దగ్గరివాళ్లూ ఉంటే అయిపోతుంది. పెళ్లికి మాత్రం ఊరంతా కావాలి. పందిరి వేసేవాళ్లు కావాలి, మగపెళ్లివారు కావాలి, ఆడపెళ్లివారు కావాలి, వడ్డించేవాళ్లు కావాలి, తప్పులు పట్టేవాళ్లు కూడా కావాలి. తెలుగువాళ్లు రాముణ్ని ఒక ఇంటి బిడ్డగా కాక ఊరంతటికీ పెళ్లికొడుకుగా చేసుకున్నారు. మన దగ్గర రామాలయం లేని ఊరు వెతకాల్సిందే. చాలా ఊళ్లలో ఏడాదికి ఒక్కసారి అన్ని పేటలవాళ్లూ ఒకే పందిరి కిందికి వచ్చేది ఆ రోజే. అంతెందుకు, వేములవాడ రాజన్న శివక్షేత్రం. అక్కడా నవమికి సీతారామ కల్యాణం చేస్తారు. త్రిశూలాలు పట్టుకున్న, శివపార్వతులని పిలిచే భక్తులు వేలమంది వచ్చి తలంబ్రాలు పోసుకుంటారు. శివుడి గుళ్లో రాముడి పెళ్లికి అంత జనం ఎందుకొస్తారో చూస్తే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే.

కల్యాణంలో ప్రవరలు చదివేటప్పుడు ఒకసారి చెవిపెట్టి వినండి. రాముడిది వాసిష్ఠ గోత్రం, నాభాగ మహారాజు మునిమనవడు, అజ మహారాజు మనవడు, దశరథుడి కొడుకు. సీతమ్మది గౌతమ గోత్రం, స్వర్ణరోముడి మునిమనవరాలు, హ్రస్వరోముడి మనవరాలు, జనకుడి కూతురు. మన పెళ్లిళ్లలో మూడు తరాల పేర్లు ఎలా చదువుతారో అచ్చం అలాగే. దేవుడికి కూడా తాతల పేర్లు చెప్పి పిల్లనిస్తారు మనవాళ్లు. ఆ ఘట్టం దగ్గర నాకు ఏటా కళ్లు చెమరుస్తాయి.

మేడమ్ గారూ, నాకు పెళ్లయ్యాక ఇదే మొదటి నవమి. మా అత్తగారు ఊళ్లో, మేం హైదరాబాద్‌లో. పానకం, వడపప్పు, చలిమిడి నేనే చెయ్యాలి. యూట్యూబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో కొలత చెబుతుంటే టెన్షన్‌గా ఉంది.
*– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి*

టెన్షన్ వద్దు తల్లీ. ఈ మూడింటికీ పొయ్యి కూడా వెలిగించక్కర్లేదు.

పానకానికి లీటరు నీళ్లకు నూటయాభై నుంచి రెండు వందల గ్రాముల బెల్లం. బెల్లం తీపిని బట్టి అటూ ఇటూ. కొత్త బెల్లం, కాస్త ముదురు రంగుది తీసుకోండి. మరీ పసుపుపచ్చగా మెరిసే బెల్లం వద్దు. దాన్ని కత్తితో సన్నగా చెక్కి నీళ్లలో వేసి అరగంట వదిలెయ్యండి, దానంతటదే కరుగుతుంది. తరవాత పల్చటి గుడ్డలో తప్పకుండా వడకట్టాలి. బెల్లంలో ఇసుక ఉంటుంది, గుడ్డలో అడుగున మిగిలింది చూస్తే మీకే తెలుస్తుంది. మిరియాలు ఒక చెంచా నిండుగా, యాలకులు నాలుగైదు, శొంఠి పొడి అర చెంచా. తులసి దళాలు రెండు. పచ్చకర్పూరం వేస్తే ఆవగింజంత మాత్రమే, అది ఎక్కువైతే పానకం మందులా తయారవుతుంది.

కీలకం మిరియాల దగ్గర ఉంది. పొడి డబ్బాలోది వెయ్యకండి. అప్పటికప్పుడు రోట్లోనో చిన్న కల్వంలోనో కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా పొడి చేస్తే ఘాటంతా నీళ్లలో కలిసిపోయి కషాయంలా ఉంటుంది. కచ్చాపచ్చాగా ఉంటే ముందు తీపి, గుక్క మింగాక గొంతులో చురుక్కు. పానకం అంటే ఆ చురుకే. మిరియం అడుక్కి దిగిపోతుంది కాబట్టి గ్లాసులో పోసే ప్రతిసారీ గరిటెతో అడుగునుంచి కలపాలి. లేకపోతే మొదట వచ్చినవాళ్లకు బెల్లం నీళ్లు, చివర వచ్చినవాళ్లకు మిరియాల చారు.

కొత్త కుండలో పెడదామనుకుంటే ముందు రోజే కడిగి, నిండా నీళ్లు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున్న ఆ నీళ్లు పారబోసి మళ్లీ కడగండి. లేకపోతే మట్టి వాసన పానకానికి పడుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఐసు చల్లదనానికి మిరియం రుచి చచ్చిపోతుంది.

వడపప్పుకు పెసరపప్పు కడిగి గంట నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంచెయ్యడమే. గోరు దిగేంత నానితే చాలు. రెండు మూడు గంటలు వదిలేస్తే జిగురొస్తుంది. నైవేద్యం వరకూ ఉత్తి పప్పే పెట్టి, తరవాత అందులో కొబ్బరి తురుము, పుల్ల మామిడికాయ ముక్కలు, కాస్త ఉప్పు, పచ్చిమిర్చి కలుపుకుంటే పిల్లలు ప్లేటు ఖాళీ చేస్తారు.

చలిమిడికి బజారు పిండి పనికిరాదు. బియ్యం కనీసం మూడు నాలుగు గంటలు నానబెట్టి, వడేసి, గుడ్డ మీద ఆరబోసి, తడి పూర్తిగా పోకముందే మిక్సీ పట్టి జల్లించండి. ఆ తడి పిండిలో బెల్లం తురుము కొద్దికొద్దిగా వేస్తూ మునివేళ్లతో కలుపుతుంటే, బెల్లం కరిగి దానికదే ముద్దవుతుంది. నీళ్లు చుక్క కూడా వెయ్యకండి. చివర ఒక చెంచా నెయ్యి, కొబ్బరి ముక్కలు. దీన్ని పచ్చి చలిమిడి అంటాం. పెళ్లిళ్లకూ శ్రీమంతాలకూ చేసే పాకం చలిమిడి వేరు, అది నిలవ ఉంటుంది, ఇది ఆ పూటకే.

చైత్రంలో ఎండలు ముదురుతాయి, ఒంటికి చలవ కావాలి. పెసరపప్పు చలవ, బెల్లం నీళ్లు ఓపిక. వెనకటి రోజుల్లో వీటితో పాటు తాటాకు విసనకర్ర కూడా పంచేవాళ్లు. మీరు చేసిన పానకం మీ ఇద్దరికే అయితే ఎక్కువైపోతుంది. అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ కుటుంబానికీ, పక్కింటివాళ్లకూ ముందే అనుకుని రెండు లీటర్లు కలపండి.

భద్రాచలం తలంబ్రాలు ఎర్రగా ఎందుకుంటాయి? మన పెళ్లిళ్లలో పసుపు రంగే కదా. 'గోటి తలంబ్రాలు' అంటే ఏమిటి? నిజంగా గోళ్లతోనే ఒలుస్తారా?
*– ఒక పాఠకురాలు, అనకాపల్లి*

నిజంగా గోళ్లతోనే.

రంగు సంగతి ముందు. భద్రాచలంలో తలంబ్రాలు కలపడం ఫాల్గుణ పున్నమి నాడు, అంటే హోలీ రోజున మొదలవుతుంది. ముత్తైదువులు పసుపు కొమ్ములు దంచుతారు. బియ్యంలో పసుపు, కుంకుమ, నెయ్యి, సుగంధ ద్రవ్యాలతో పాటు గులాలు కలుపుతారు. ఆ గులాలు వల్లే ఆ ఎరుపు. అది తానీషా కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అని అక్కడ చెబుతారు.

తానీషా అంటే అబుల్ హసన్ కుతుబ్‌షా, గోల్కొండ చివరి సుల్తాను. ఆయన కొలువులో పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు. ఊరు నేలకొండపల్లి. పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ తాటాకు పందిరి వేసి పూజించుకుంటున్న రాముడికి గోపన్న శిస్తు సొమ్ముతో గుడి కట్టించాడు. ఆరు లక్షల వరహాలని లెక్క చెబుతారు. పన్నెండేళ్లు గోల్కొండ ఖైదులో ఉన్నాడు. తరవాత కథ మీకు తెలిసిందే. ఆ సుల్తాను విడుదల చెయ్యడమే కాదు, రాముడి పెళ్లికి ముత్యాల తలంబ్రాలూ పట్టుబట్టలూ పంపే పద్ధతి పెట్టాడు. నిజాములు దాన్ని మానలేదు. ఇప్పటి ప్రభుత్వాలూ మానలేదు. గులాలు రంగు చూసినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది. మన రాముడి పెళ్లి బియ్యంలో ఒక సుల్తాను పంపిన రంగుంది. దాన్ని మనం దాచుకోవాల్సిన పనిలేదు, గర్వంగా చెప్పుకోవచ్చు.

అక్కడ సీతమ్మ మెళ్లో మూడు సూత్రాలు కడతారు. పుట్టింటిది ఒకటి, మెట్టినింటిది ఒకటి, మూడోది రామదాసు చేయించింది. ఒక ఉద్యోగి చేయించిన తాళిబొట్టు జనకుడి తాళితో, దశరథుడి తాళితో సమానంగా అమ్మవారి మెడలో ఉండటం ఇంకెక్కడైనా విన్నారా?

ఇక గోటి తలంబ్రాలు. తూర్పు గోదావరిలో కోరుకొండ వైపు భక్తులు దీనికోసమే విడిగా వరి పండిస్తారు. విత్తనాలు ముందు రాముడి పాదాల దగ్గర పెట్టి తెచ్చుకుంటారు. పంట చేతికొచ్చాక వడ్లను ఊరూరికీ పంచుతారు. మిల్లు లేదు, రోకలి లేదు. ఒక్కొక్క గింజా గోటితో ఒలవడమే. ఆ ఒలుపు మా బంధువుల ఇంట్లో దగ్గర కూర్చుని చూశాను, కాస్త చేశాను కూడా. గింజను ఎడమచేతి చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నిలబెట్టి పట్టుకోవాలి. కుడిచేతి బొటనవేలి గోరు కొనను ఊక రెండు పొరలు కలిసేచోట దించి, పైనుంచి కిందికి తేలిగ్గా లాగాలి. ఒక పొర వస్తుంది. తిప్పి రెండోది. తొందరపడి నొక్కితే గింజ నడుం దగ్గర విరుగుతుంది. విరిగినది తలంబ్రాలకు పనికిరాదు, పక్కన గిన్నెలో వేస్తారు, పారెయ్యరు, ప్రసాదంలోకి వాడతారు. గంట కూర్చుంటే దోసెడు రావు. గోరు కింద చర్మం మండుతుంది. మగవాళ్లూ కూర్చుంటారు, బడి నుంచి వచ్చిన పిల్లలూ కూర్చుంటారు. చేతులు ఆడుతున్నంతసేపూ నోట్లో రామనామమే, మధ్యలో ఇంటి కబుర్లు పడితే పెద్దావిడ ఎవరో ఒకరు గట్టిగా 'శ్రీరామ' అంటారు, మళ్లీ అందరూ అందుకుంటారు.

అలా ఒలిచిన బియ్యం భద్రాచలానికీ ఒంటిమిట్టకూ వెళతాయి. భద్రాచలం వెళ్లలేనివాళ్లకు అక్కడి తలంబ్రాలు ఇప్పుడు తెలంగాణ ఆర్టీసీ కార్గో ద్వారా ఇంటికే తెప్పించుకునే వీలుంది. వచ్చినవి పూజగదిలో పెట్టుకోండి. ఇంట్లో పెళ్లి కుదిరితే ఆ పెళ్లి తలంబ్రాల్లో నాలుగు గింజలు కలుపుతాం మా వైపు.

భద్రాచలంలో మధ్యాహ్నం పెళ్లి, ఒంటిమిట్టలో రాత్రి పెళ్లి. ఏది సరైనది?
*– ఒక పాఠకుడు, ఒంగోలు*

రెండూ సరైనవే. భద్రాచలంలో నవమి మధ్యాహ్నం అభిజిత్ లగ్నానికి జీలకర్ర బెల్లం. కడప జిల్లా ఒంటిమిట్టలో నవమికి బ్రహ్మోత్సవాలు మొదలై, పున్నమి ముందు వెన్నెల రాత్రి కల్యాణం. పగటిపూట పెళ్లి చూడలేకపోయానని చంద్రుడు బాధపడితే, నీ వెలుగులోనే పెళ్లాడతానని రాముడు మాటిచ్చాడని అక్కడి కథ. సూర్యవంశపు పెళ్లికొడుకు చంద్రుడికి చేసుకున్న మర్యాద అది.

ఒంటిమిట్టను ఏకశిలానగరం అంటారు. సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే రాతిలో ఉంటారు. గర్భగుడిలో పక్కన హనుమంతుడు ఉండడు. రాముడు హనుమంతుణ్ని కలవకముందు రూపమని చెబుతారు. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లాంఛనాలతో కల్యాణం చేస్తున్నది ఇక్కడే, గుడి బాధ్యత 2015లో తిరుమల తిరుపతి దేవస్థానం తీసుకుంది.

వెళితే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. వందేళ్ల కింద ఆ గుడి పాడుపడిపోయే స్థితిలో ఉంటే వావిలికొలను సుబ్బారావు గారు కొబ్బరి చిప్ప చేత్తో పట్టుకుని ఊరూరా భిక్షమెత్తి బాగుచేయించారు. వాల్మీకి రామాయణాన్ని తెలుగులోకి తెచ్చి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్న పండితుడాయన. ఆయన చిప్పలో కానీలు వేసినవాళ్లు ఎవరో మనకు తెలియదు, వాళ్ల పుణ్యమే ఇవాళ మనం చూసే వెన్నెల పెళ్లి.

మా నాన్నగారు పోయి ఏడాది దాటింది. మా వీధి పందిట్లో అమ్మ ఏటా తలంబ్రాల పళ్లెం పట్టేది. ఈసారి ఎవరో 'నువ్వు వెనక కూర్చో వదినా' అన్నారట. అప్పటినుంచి అసలు రానంటోంది. నేనేం చెప్పాలి?
*– ఒక పాఠకురాలు, కరీంనగర్*

ఈ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను.

మీ అమ్మగారికి యుద్ధకాండ చివరి సర్గ చదివి వినిపించండమ్మా. పద్నాలుగేళ్ల తరవాత రాముడు అయోధ్యకు వచ్చాడు. పట్టాభిషేకం జరగబోతోంది. అంతకంటే శుభకార్యం రామాయణంలో ఇంకోటి లేదు. ఆ వేళ సీతమ్మను ఎవరు అలంకరించారు? దశరథుడి భార్యలందరూ కలిసి స్వయంగా తమ చేతులతో అలంకరించారని వాల్మీకి రాశాడు. దాసీలకు అప్పగించలేదు. వెంట వచ్చిన వానర స్త్రీలందరికీ కౌసల్య దగ్గరుండి అలంకారం చేసింది, కొడుకు మీద ప్రేమతో పొంగిపోతూ. అప్పటికి దశరథుడు పోయి పద్నాలుగేళ్లు. వాళ్లను వెనక కూర్చోమని వసిష్ఠుడు అనలేదు. పురోహితుడిగా అక్కడే ఉన్నాడు ఆయన.

సీతమ్మ ఆ చేతులను కాదనలేదు. మన వీధి పందిట్లో కాదనడానికి ఇంకెవరున్నారు?

కన్యాదాతల పీటల మీద దంపతులు కూర్చోవడం ఒక పద్ధతి, దాన్ని ఉండనివ్వండి. మిగిలిన పనుల్లో దేనికీ అడ్డు లేదు. పూలు గుచ్చడం, తలంబ్రాలు కలపడం, పళ్లెం పట్టడం, పానకం పొయ్యడం, ముందు వరసలో కూర్చుని కళ్లారా చూడడం, అన్నీ ఆవిడ హక్కు. ఆ మాట అన్నవాళ్ల మీద కోపం పెట్టుకోవద్దు, వాళ్లకూ ఎవరో నేర్పిందే అది. మీరు మాత్రం కమిటీ పెద్దలతో పండక్కి ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఆ రోజు పొద్దున అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, మొదటి వరసలో మీ పక్కనే కూర్చోబెట్టండి. పళ్లెం ఆవిడ చేతికి మీరే ఇవ్వండి. మీకు వీలు కాకపోతే నాకు మళ్లీ రాయండి, మీ కమిటీకి నేనే ఉత్తరం రాస్తాను.

అమ్మా, మేం డాలస్‌లో ఉంటాం. ఇండియాలో నవమి ఒక రోజు, ఇక్కడ గుడివాళ్లు ఇంకో రోజు అంటారు. ఏది పాటించాలి?
*– ఒక పాఠకుడు, టెక్సస్*

మీరున్న ఊరి పంచాంగమే పాటించండి బాబూ. తిథి మొదలయ్యే క్షణం లోకమంతటికీ ఒకటే, గడియారాలు వేరు. ఇక్కడ రాత్రి వచ్చే క్షణం మీకు పొద్దున వస్తుంది, అందుకే ఒక రోజు తేడా. శ్రీరామనవమికి మధ్యాహ్నం వేళ నవమి తిథి ఉండటం ముఖ్యం, రాముడు పుట్టింది ఆ వేళకే కాబట్టి. మీ ఊరి మధ్యాహ్నానికి నవమి ఏ రోజు ఉందో గుడివాళ్లు అదే చెబుతారు. అష్టమి కలిసిన రోజు పనికిరాదనుకునే వైష్ణవ సంప్రదాయం వాళ్లు ఒక్కోసారి మర్నాడు చేస్తారు. మీ ఇంటి ఆచారం ఏదో నాన్నగారిని అడగండి. ఇంట్లో పూజ ఆ రోజు చేసుకుని, సెలవు రోజు గుళ్లో కల్యాణానికి వెళ్లండి. అక్కడ పిల్లల చేత కాసిని తలంబ్రాలు పోయించండి.

అమ్మగారూ, మా కాలనీ కుర్రాళ్లం ఈ ఏడు మొదటిసారి కల్యాణం చేద్దామనుకుంటున్నాం. కొందరు డీజే అంటున్నారు, కొందరు వద్దంటున్నారు. ఎక్కువ డబ్బుల్లేవు. ఎలా చెయ్యాలి?
*– కాలనీ యువకులు, విజయవాడ*

డీజేకి ఇచ్చే డబ్బు పందిరికి పెట్టండి. నవమి పందిరి పండగలో సగం. షామియానా అయితే మధ్యాహ్నానికి కింద వేడెక్కిపోతుంది. తాటాకులో కొబ్బరాకులో దొరికితే చలువ పందిరి వెయ్యండి. మంచి రోజు చూసి ఈశాన్యాన పందిరి రాట వేసి, పసుపు కుంకుమ పెట్టి, మామిడి తోరణం కట్టండి. పందిట్లో రోజంతా కుండల్లో మంచినీళ్లు ఉండాలి. దారిన పోయే ఆటోవాళ్లు, డెలివరీ కుర్రాళ్లు ఆగి తాగాలి.

ఉత్సవ విగ్రహాలు లేకపోతే పటం ముందు చేసుకోవచ్చు. పూజారిగారితో ముందే మాట్లాడుకుని వరస తెలుసుకోండి. విష్వక్సేన ఆరాధన, పుణ్యాహవాచనం, కంకణధారణ, ప్రవరలు, కన్యాదానం, జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు. ఎవరైనా ఒకరు మైకు పట్టుకుని ఏం జరుగుతోందో తెలుగులో చెబుతుండాలి. రేడియోలో ఉషశ్రీ గారు భద్రాచలం కల్యాణానికి వ్యాఖ్యానం చెబుతుంటే మా తరం వాళ్లం ఇంట్లో కూర్చునే పెళ్లి చూశాం. అంత గొంతు అందరికీ ఉండదు, కానీ చెప్పేవాళ్లు లేకపోతే వెనక వరసలో జనం ఫోన్లు చూసుకుంటారు.

అష్టమి సాయంత్రం ఎదుర్కోలు పెట్టండి, దీనికి పైసా ఖర్చు లేదు. కాలనీ రెండుగా విడిపోవాలి. ఒక వైపు రాముడి వాళ్లు, ఒక వైపు సీతమ్మ వాళ్లు. భద్రాచలంలో అర్చకులే రెండు పక్షాలై వాదించుకుంటారు. మా పిల్లాడు శివధనుస్సు విరిచాడని వీళ్లు, ఆ ధనుస్సు పెట్టెను మా పిల్ల చిన్నప్పుడే ఆటల్లో పక్కకు జరిపిందని వాళ్లు. డీజే కావాలన్న కుర్రాళ్లకు రాముడి పక్షం అప్పగించండి, గొంతులు అక్కడ పనికొస్తాయి.

సాయంత్రానికి హరికథ దొరికితే అదృష్టం. కథకులకు ఇప్పుడు పిలుపులు తగ్గిపోయాయి, మీరు పిలిస్తే వాళ్ల ఇంట్లో కూడా పండగే. దొరక్కపోతే కాలనీలో పాడగలిగిన ఆడవాళ్లు ప్రతిచోటా ఉంటారు, వాళ్లను ముందే అడిగి ఉంచండి.

ఇంకొక్కటి. కల్యాణం అయిన సాయంత్రానికే పందిరి విప్పేయకండి. దశమి నాడు పట్టాభిషేకం చెయ్యాలి. దశరథుడు రాముడికి పట్టం కడదామని ముహూర్తం పెట్టింది చైత్రంలోనే. ఇవాళ చంద్రుడు పునర్వసులో ఉన్నాడు, రేపు పుష్యమి, రేపే పట్టాభిషేకం అన్నాడు. తెల్లారేసరికి అడవి అయింది. నవమి పునర్వసు అయితే మర్నాడు పుష్యమి, ఆ రోజునే భద్రాచలంలో పట్టాభిషేకం చేస్తారు. మీ కాలనీలో పెద్ద తంతు అక్కర్లేదు. పటానికి పూలదండ మార్చి, పట్టాభిషేక సర్గ చదివించి, మిగిలిన బెల్లంతో ఇంకో బిందె పానకం కలపండి. పందిరివాళ్లతో అద్దె మాట్లాడేటప్పుడు రెండు రోజులకని ముందే చెప్పండి.